చుట్టాల తీగ

రాయపురంలో కమలాంబ ఇంటికి చుట్టాలొస్తే ముందు కాఫీ, ఆ తరవాత కొత్త టవలు. సముద్రస్నానానికి వచ్చినవాళ్ళు తమ ఇంటి గుడ్డతో ఒళ్ళు తుడుచుకోకూడదనీ, స్నానం చేయించే ఇంటివాళ్ళే కొత్తది ఇవ్వాలనీ ఆమె అత్తగారి నాటి నుంచి వస్తున్న ఆచారం. అందుకని మింట్ వీధిలో ఒకే కొట్టు, ఒకే రకం, ఎర్రంచు తెల్లటవళ్ళు కట్టగా కొని బీరువాలో ఉంచేది. చుట్టాలు కూడా అమావాస్యో పున్నమో చూసుకునే దిగేవాళ్ళు. పర్వం కాని రోజున సముద్రానికి దూరం నుంచి దండం పెట్టుకోవాలే గాని తాకకూడదని కమలాంబ పట్టు.

వాళ్ళకు ఊరు చూపించే పని కూతురు వాసంతిది. తెల్లవారుతుండగా మెరీనాలో స్నానం. అక్కణ్ణుంచి తిరువల్లిక్కేణి పార్థసారథి స్వామి. ఆయన మీసాలు చూసి ప్రతి చుట్టమూ ఒకసారి నోరు తెరవాలి. మైలాపూరులో కపాలీశ్వరుడు, గుడి పక్క సందులో టిఫిను. ఎండ ముదిరాక ఎగ్మూరు మ్యూజియం. కమలాంబ దాన్ని ఇప్పటికీ చచ్చిన కాలేజీ అనే అంటుంది. జంతువులుండే చోటు బతికిన కాలేజీ. ఆమె చిన్నప్పుడు ఊరంతా అట్లాగే అనేవాళ్ళు. సాయంత్రం లైట్‌హౌస్ ఎక్కి దిగి, ఇసుకలో నడుస్తూ కారం చల్లిన మామిడి ముక్కలు. ఏ గుడి తలుపు ఎప్పుడు వేస్తారో, ఏ బస్సులో కూర్చోను చోటు దొరుకుతుందో వాసంతికి కళ్ళు మూసుకుని తెలుసు. తను మాత్రం దేన్నీ చూసేది కాదు. చూస్తున్నవాళ్ళ మొహాలు చూసేది.

ఇంటికొచ్చాక తడి టవళ్ళు మేడమీద తీగపై ఆరేసేవాళ్ళు. దాన్ని చుట్టాల తీగ అంటారు. మళ్ళీ ఇక్కడికి రావాలని ఎవరి మనసు కొట్టుకుంటుందో వాళ్ళ టవలు ఆ తీగ మీద ఆరదు. తక్కినవి ఎండకు ఆరిపోతాయి. కమలాంబ పెదనాన్న కొడుకు టవలు రెండు వానాకాలాలు నీళ్ళు కారుస్తూ ఉండి, ఆయన మళ్ళీ వచ్చి కాఫీ తాగుతుండగా ఆరింది. ఇంకొకావిడ వాసంతిని వాటేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ వెళ్ళింది. ఆవిడ సెంట్రల్ స్టేషను చేరకముందే టవలు అప్పడంలా అయింది. కమలాంబ దాన్ని మడిచి పెట్టింది. పక్కింటి వల్లి వడియాలు పెట్టుకోవడానికి ఈ మేడే ఎక్కుతుంది కాని, ఉప్పునీళ్ళు పడతాయని ఆ తీగ కింద మాత్రం పెట్టదు.

ఊళ్ళో ఉండేవాళ్ళ సంగతి ఆ తీగ చెప్పదు. వాసంతి చీరలు అందరి చీరల్లాగే ఆరుతాయి.

ఆ తీగ మీద ఒక టవలు తొమ్మిదేళ్ళుగా ఆరలేదు.

అది ఒక మాఘ పున్నమినాటిది. నంద్యాల నుంచి శేషగిరిరావు అనే ఇంజనీరు, తనను పెంచిన మేనత్త సీతాదేవితో వచ్చాడు. పేరుకు సముద్రస్నానం, అసలు పని వాసంతిని చూడడం. పిల్లను చాప మీద కూర్చోబెట్టి ప్రశ్నలడగడం వీళ్ళ ఇళ్ళలో లేదు. పిల్ల ఊరు చూపిస్తుంది. వచ్చినవాళ్ళు ఊరుతో పాటు పిల్లనూ చూసుకుంటారు. రోజంతా తిరిగాక లైట్‌హౌస్ మీద నిలబడి శేషగిరిరావు ఒకే ఒక మాట అడిగాడు.

"ఇక్కడ గాలి ఎప్పుడూ ఇట్లనే ఉంటదా?"

"సాయంత్రాలు ఉంటుందండీ" అంది వాసంతి.

అంతే వాళ్ళిద్దరి మధ్యా మాటలు. కాని ఆ "ఎప్పుడూ" అన్న మాటలో వాసంతికి ఒక ఇల్లు కనిపించింది, కిటికీ కనిపించింది, కిటికీ దగ్గర ఒక మనిషి కనిపించాడు.

ఆ రోజు ఆరేసిన రెండు టవళ్ళలో ఒకటి ఆరితే మడిచి వాళ్ళ సంచిలో పెట్టారు. రెండోది ఆరలేదు. దాని కొసన ఒక ముడి ఉంది, మొక్కుకుని వేసిన ముడుపు.

"చూశావటే, పిల్లోడు నోరు తెరిచి చెప్పలేక ముడి వేసి పెట్టిపోయినాడు" అంది కమలాంబ, తీగ దగ్గరే చేతులు జోడించి. ముడుపు కట్టినవాళ్ళే విప్పాలి కనక ఎవరూ దాని జోలికి పోలేదు.

సంబంధం తెచ్చిన కుప్పుసామి చేత రెండుసార్లు ఫోను చేయించారు. చూద్దామన్నారట. అంతలో కుప్పుసామి కాలం చేశాడు. "ఆడపిల్లోళ్ళం, మళ్ళీ మళ్ళీ ఎట్టా అడిగేది? తడి ఉండాది గదా, వస్తార్లే" అని కమలాంబ ఊరుకుంది. టవలు తడిగా ఉండగా అడగడమంటే దేవుడి మాట నమ్మనట్టే ఆమెకు.

వాసంతి వచ్చిన చుట్టాలకు ఊరు చూపిస్తూనే ఉంది. లైట్‌హౌస్ మీదికి వెళ్ళినప్పుడల్లా అందరికంటే చివర దిగేది. ఇంటికొచ్చి మేడెక్కి, ఆ ముడిని వేళ్ళతో ఒకసారి తడిమి, వేళ్ళకంటిన ఉప్పును కడుక్కోకుండా అన్నానికి కూర్చునేది. టవలు కింద గచ్చు తెల్లగా ఉప్పు పేరింది.

ఇప్పుడు బాలసుందరం వచ్చాడు. వాసంతి అన్న శ్యామ్ పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తాడు, అతని స్నేహితుడు. హార్బరులో లెక్కలు రాస్తాడు, ఎన్నూరులో తల్లితో ఉంటాడు. చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేస్తూ తన పెళ్ళి సంగతి మరిచిపోయిన మనిషి. ఆదివారాలు శ్యామ్‌తో పాటు వచ్చి, కమలాంబ చేసిన పులుసు తిని, నవ్వుతూ వెళ్ళేవాడు. ఆయన నవ్వు బాగుంటుందని వాసంతికి తెలుసు. తెలిసినందుకే తప్పు చేసినట్టుండేది.

వాసంతిని తనకివ్వమని శ్యామ్ చేత అడిగించాక, ఒకరోజు ఆయన మేడమీదికి వచ్చి టవలును చూశాడు.

"ఇదేనా అండీ?"

"ఇదే."

"సరి" అన్నాడు. "మాఘ పున్నమి దాకా ఆగతానండీ. ఆ తరవాత మా అమ్మ ఇంకోచోట మాటిచ్చేస్తానంటా ఉండాది. ఆమెను ఆపేది నా వల్ల కాదు" అన్నాడు.

ఆ సాయంత్రం శ్యామ్ తల్లి మీద లేచాడు.

"అమ్మా, ఆ గుడ్డముక్కను చూసుకుంటా దీన్ని ముసల్దాన్ని చేస్తావా?"

"నేనేమన్నా చెంబుతో తడుపుతా ఉండానారా? ఒకరి ముడుపు ఇంట్లో పెట్టుకుని ఇంకొకరికి మాటిచ్చేది ధర్మమా, నువ్వే చెప్పు."

"ధర్మం సరే మా. బాలాను పోగొట్టుకుంటే మళ్ళీ అట్టాంటోడు దొరకడు."

"దాన్నే అడగరా."

ఇద్దరూ వాసంతి వైపు తిరిగారు. వాసంతి బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "పున్నమి కానీండి" అంది. ఎవరి కోసం పున్నమి కావాలో ఆమెకే తెలియలేదు.

పున్నమి ముందురోజు ఇంటి ముందు ఆటో ఆగింది. చేతికర్ర పట్టుకుని సీతాదేవి దిగింది. జుట్టంతా తెల్లబడింది, మొహం మాత్రం అదే. వాసంతి ఆమె భుజం మీదుగా ఆటోలోకి చూసింది.

"ఎవరూ లేరమ్మా. నేనొక్కదాన్నే."

కమలాంబ చెయ్యి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "రా వదినా, రా. అబ్బాయి రాలేదా?"

"వానికి యాడ తీరిక? ఇద్దరు పిల్లోళ్ళు. పెద్దది బడికి పోతాంది, చిన్నోడు ఇల్లు పీకి పందిరేస్తాడు."

కమలాంబ కాఫీలో చక్కెర వేసి, వేసిన సంగతి మరిచి మళ్ళీ వేసింది. ఆ కాఫీని సీతాదేవి చివరి చుక్క దాకా తాగింది.

"జాతకాలు కుదర్లేదని మేము కుప్పుసామితో చెప్పి పంపినామే. చెప్పలేదా ఆయప్ప?"

"చెప్పకుండానే పోయినాడు వదినా" అంది కమలాంబ, గోడకు చేరబడి.

వాసంతి లేచింది. "అత్తా, ఒకసారి మేడమీదికి రాగలరా?" అని చెయ్యి అందించింది. మెట్టు మెట్టుకూ ఆగుతూ ఇద్దరూ ఎక్కారు.

తీగను చూసి సీతాదేవి కర్ర గోడకు ఆనించింది. "ఓయమ్మా! నా టవలు ఇంకా ఈడనే ఉందే. ఇంటికి పోయి సంచి తీస్తే ఒక్కటే ఉండె, ఇది యాడ పారేసుకుంటినో అనుకుంటి."

"మీదా?"

"ముడి నేనేసిందే గదా తల్లీ."

రెండు చేతులతో ముడి విప్పింది. అరచేతిలో గుప్పెడు తడి ఇసుక పడింది, అప్పుడే అల తగిలి వెళ్ళినట్టు చల్లగా.

"మళ్ళొకసారి నీ చెయ్యి పట్టుకుని ఆ నీళ్ళలో నిలబడాలని మొక్కుకుంటి" అంది సీతాదేవి. "ఆ పొద్దు వాడు ఒక్క మునక మునిగి, ఫోను చూసుకుంటా గట్టున కూచున్యాడు. నువ్వు నన్ను అలలోకి తీస్కపోయి, 'అత్తా, ఇప్పుడు ఎగరండి' అంటివి. అరవై దాటినదాన్ని ఎగిరితి! రంగులరాట్నంలో గుర్రమెక్కిస్తివి. మా అన్న పిల్లోళ్ళు, పొయ్యి, దొడ్డి, ఇదే నా బతుకు. నన్ను ఎవరూ ఏ ఊరూ చూపిచ్చలేదు. ప్రతి మాఘానికీ తీస్కపోండిరా అంటానే ఉంటి. ఈసారి చెప్పకుండా రైలెక్కేసినా."

వాసంతి తీగ పట్టుకుని నిలబడింది. "మేము ఆయనదనుకున్నాం అత్తా."

సీతాదేవికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక పిట్టగోడ మీద చతికిలబడింది. "ఇన్నేండ్లా?"

"ఇన్నేళ్ళూ."

"అయ్యో నా తల్లీ. పెండ్లికొడుకు పక్కనుండగా మేనత్తను ఎవరు లెక్క పెడతారు?"

వాసంతికి కోపం రావలసింది. ముందు కోపమే వచ్చింది కూడా, ఎవరి మీదో తెలియని కోపం. ఆ రోజును వేలసార్లు తలుచుకుంది గాని, ప్రతిసారీ లైట్‌హౌస్ మీద నుంచే మొదలుపెట్టేది. ఇప్పుడు మొదటిసారి పొద్దుటి అల జ్ఞాపకం వచ్చింది. తన చేతిలో గట్టిగా బిగుసుకున్న ఒక ముడతల చెయ్యి, అల వెనక్కి పోగానే చిన్నపిల్లలా ఒక నవ్వు. ఆ నవ్వును ఎట్లా మరిచిపోయింది? తన కోసం ఒక మనసు ఇన్నేళ్ళు కొట్టుకున్నమాట నిజమే. అది శేషగిరిరావుది కాదు, అంతే. వాసంతి సీతాదేవి పక్కన కూర్చుని ఆమె కొంగులో మొహం పెట్టుకుని ఏడ్చింది. సీతాదేవి ఇసుక చెయ్యి దులుపుకుని ఆమె వీపు నిమిరింది.

వాళ్ళు దిగి వచ్చి సంగతి చెప్పాక కమలాంబ దేవుడి ముందు వత్తి ఎగదోసింది. "మొగపిల్లోడిదే అనుకుంటి గదా తల్లీ" అని మాత్రం అంది, అమ్మవారితో.

మర్నాడు పున్నమి. కమలాంబ కొత్త టవలు తీయబోతే సీతాదేవి ఒప్పుకోలేదు. పాతదే భుజాన వేసుకుంది. మెరీనాలో జనం ఇసుక కనపడకుండా ఉన్నారు. వాసంతి ఆమె నడుము చుట్టూ ఒక చెయ్యి వేసి నీళ్ళలోకి తీసుకెళ్ళింది.

"ఇప్పుడు ఎగరండి అత్తా!"

"కాళ్ళు లేవవే!"

"అయితే నేను ఎగరతా, మీరు పట్టుకోండి."

అల వచ్చింది. చుట్టాల కోసం కాకుండా, మొహాలు చూడడానికి కాకుండా, వాసంతి తనకోసం ఎగిరింది. నీళ్ళు నెత్తిమీదుగా పోయాయి. ఉక్కిరిబిక్కిరై లేచేసరికి సీతాదేవి పగలబడి నవ్వుతోంది.

ఇంటికొచ్చి తీగ మీద వేసిన టవలు, కమలాంబ అన్నం వడ్డించేలోగా ఆరిపోయింది. సీతాదేవి తనే మడిచి సంచిలో పెట్టుకుంది. వల్లి ఖాళీ అయిన చోట తన వడియాల చాప పరుచుకుంది.

బాలసుందరం ఆ మర్నాడు పొద్దున్నే వచ్చాడు. శ్యామ్ లేకుండా ఒంటరిగా రావడం అదే మొదలు. గడప బయటే నిలబడ్డాడు. లోపల సీతాదేవి కాఫీ గ్లాసు పట్టుకుని, తలుపు సందులోంచి తేరిపార చూసింది.

"ఆరిందని శ్యామ్ చెప్పినాడండీ" అన్నాడు.

"ఆరిందండీ."

వాసంతికి మేడమీదికి పరుగెత్తి దేన్నో చూసి రావాలనిపించింది. కాని ఈ మనిషి గురించి ఆ తీగ ఏమీ చెప్పదు. చెప్పవలసింది తనే.

"మీ ఎన్నూరు నేనెప్పుడూ చూడలేదండీ" అంది.

"ఎన్నూరా?" బాలసుందరం తెల్లబోయాడు. "ఆడేముందండీ చూసేదానికి? లారీలు, బూడిద, కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. వాగు కూడా నల్లబడిపోయింది."

"ఉండనీండి. అందరికీ నేనే చూపించినా. నన్నెవరూ ఏడికీ తీసుకపోలేదు."

బాలసుందరం తల దించుకుని ఆలోచించాడు, ఇంటికి చుట్టాలొచ్చినవాడిలా.

"వాగు సముద్రంలో కలిసే చోట పొద్దున కొంగలుంటాయండీ. ముందు అది చూడాల. మా అమ్మ ఇడియాప్పం బాగా చేస్తాది. ఆ తరవాత... ఆ తరవాత పడవలో అవతలి గట్టుకు పోవచ్చు. ఎండ ఎక్కితే మాత్రం కష్టం."

"ఒంటరిగా ఎట్టా పంపేది?" అంది లోపలి నుంచి కమలాంబ గొంతు, అంత గట్టిగా కాదు.

"ఒంటరి ఏముంది, నేనుండాగా!" సీతాదేవి గ్లాసు కింద పెట్టి కర్ర అందుకుంది. "పడవ అంటివి గదా నాయనా? నాకు పడవ ఎక్కాలని ఉంది."

బాలసుందరం నవ్వాడు. వాసంతి చెప్పులు వేసుకుంది. చుట్టాలను వెంటేసుకుని ముందు నడవడం అలవాటైన కాళ్ళు గడప దాటి, అలవాటుగా రెండడుగులు వేసి, ఆగాయి. ఆమె పక్కకు తప్పుకుని, ఆయన ముందుకు వెళ్ళేదాకా నిలబడింది.