చేపల బకెట్టు

ఒంటి మీద నీళ్ళు పోసే ముందు సాల్మన్ ప్రతిసారీ ఒక చెంబెడు తన మణికట్టు మీద పోసుకుని చూసుకుంటాడు. నరసింహరాజు గారికి నీళ్ళు కాస్త వేడెక్కినా కోపమే, చల్లబడినా కోపమే. ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న ఆ పెద్దమనిషిది భారీకాయం. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక ఆ చెయ్యి ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఒళ్ళో పడి ఉంటుంది. సాల్మన్ దాన్ని ఎత్తి, చంకలో సబ్బు రుద్ది, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి కడిగి, మళ్ళీ ఒళ్ళోనే పెట్టాడు.

"వీపు," అన్నారాయన.

"వస్తున్నానండి."

ఏడాదిగా ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణంతా దాదాపు ఇదే.

ఏలూరు స్టేషనుకు దగ్గర్లో ఉన్న ఈ వృద్ధాశ్రమంలో సాల్మన్ జీతగాడు కాడు. చర్చివాళ్ళు నడిపే సేవా సంవత్సరంలో చేరిన ఐదుగురిలో ఒకడు. చదువు పూర్తయిన కుర్రకారు ఒక ఏడాది ఒకే ఇంట్లో ఉండి, వంతులేసుకుని ఒకే పొయ్యి మీద వండుకు తిని, పగలంతా పట్నంలో తలా ఒకచోట పనిచెయ్యాలి. వాళ్ళలో ఒకడు గిటారు వాయిస్తాడు. కర్నూలు నుంచి వచ్చిన జాయ్సీ ప్రార్థన మొదలుపెడితే వినేవాళ్ళ కళ్ళు చెమరుస్తాయి. సాల్మన్‌కు అలాంటి విద్యలేవీ లేవు. అత్తెసరు మార్కులతో డిగ్రీ గట్టెక్కి, ఆకివీడులో కొన్నాళ్ళు ఐసు దిమ్మలు మోసి, పాస్టరు గారు వెళ్ళమంటే వచ్చాడు. అతని వంతు రోజున పప్పు అడుగంటేది. పాపం, ఎవరూ ఏమీ అనేవారు కాదు. అతను ఇంట్లో ఉన్నాడో లేడో కూడా చాలాసార్లు వాళ్ళకు గుర్తుండేది కాదు.

ఆ ఇంటికి ఒక నియమం ఉంది. ఎవరి మీద ఎవరికి కోపం వచ్చినా, రాత్రి భోజనానికి కూర్చునేలోగా ఆ మనిషికే చెప్పి తేల్చుకోవాలి. ఇంటి పెద్ద నిర్మల గారు ఈ విషయంలో మహా పట్టుదల మనిషి. ఎవరి తువ్వాలు ఎవరు తడిపారన్న తగువు తేలక, ఒకసారి అన్నం చల్లారిపోయేదాకా అందర్నీ కూర్చోబెట్టారు. సాల్మన్ ఏ తగువులోనూ ఉండడు కనుక నియమం తప్పనివాడు అతనొక్కడేనని ఆవిడ నమ్మకం.

కానీ అతని కోపం ఆ ఇంట్లో లేదు. ఇక్కడ, స్నానాల గదిలో, స్టూలు మీద కూర్చుని ఉంది.

పదిహేనేళ్ళ కిందట నరసింహరాజు గారికి కొల్లేటి పక్కన చేపల చెరువులు ఉండేవి. సాల్మన్ తండ్రి దేవసహాయం వాటికి కాపలా. గట్టు మీది పాకలోనే కాపురం. ముసురు పట్టిన రోజుల్లో ఒక తెల్లవారుజామున గాలి అందక చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరిచాయి. పొద్దెక్కేసరికి చేపలన్నీ చచ్చి, చెరువంతా తెల్లగా తిరగబడింది. కాపలావాడు నిద్రపోయాడన్నారు రాజు గారు. పొద్దుగుంకేలోగా గట్టు దిగిపొమ్మన్నారు. నాన్న నిద్రపోలేదని సాల్మన్‌కు తెలుసు. చిన్నవాడైనా, నీళ్ళలోకి గాలి పట్టాలని తండ్రి రాత్రంతా కర్రతో చెరువును బాదుతూ తిరిగిన చప్పుడు అతను విన్నాడు. గిన్నెల మూట నెత్తిన పెట్టుకుని గట్టు దిగిన దేవసహాయాన్ని ఆ తర్వాత ఏ చెరువు వాళ్ళూ పనికి పెట్టుకోలేదు. నిద్రమొహం కాపలావాడన్న పేరు అతనికంటే ముందే ఊళ్ళన్నీ తిరిగొచ్చింది.

ఆశ్రమంలో చేరిన మొదటిరోజే రాజు గారిని సాల్మన్ గుర్తుపట్టాడు. వేరే పని అడిగితే ఇచ్చేవారే. అడగలేదు. ఆయన అలా పడి ఉండడం చూడాలనిపించింది, అది నిజం. అయితే రోజూ ఒళ్ళు తోమే మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం తేలికేం కాదు. గోళ్ళు తియ్యాలి, ఇడ్లీ తుంచి పెట్టాలి, దగ్గితే వీపు రాయాలి. కోపానికి కూడా తీరిక ఉండాలి కదా. అది ఎప్పుడు చల్లారిందో అతనికే తెలియదు. చెప్పవలసిన మాట మాత్రం చేపముల్లులా గొంతులో ఉండిపోయింది. ఈ రోజుతో ఏడాది ముగుస్తోంది. సాయంత్రం ఆకివీడు బస్సు ఎక్కాలి. ఇవాళ చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేడు. చెబితే ఆయన మొహం తిప్పుకుంటే? ఏడాదిపాటు చేసినదంతా ఏమైపోతుంది? పొద్దుట్నించీ అతనికి అదే భయం.

వెళ్ళిపోయే రోజున ఈ సేవావాళ్ళకు ఒక ఆచారం ఉంది. ఎవరికి సేవ చేశారో వాళ్ళ కాళ్ళు కడిగి మరీ వెళ్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముసలివాళ్ళను వరండాలో కుర్చీల మీద కూర్చోబెట్టారు. వాళ్ళలో కొల్లేటి లంక నుంచి వచ్చిన దుర్గమ్మకు నవ్వు ఆగలేదు.

"పెళ్ళికొడుక్కి కడిగినట్టు కాళ్ళయితే కడుగుతున్నారు గానీ, పిల్లని ఎవర్నిస్తారండీ నాకు?" అంది.

గోరువెచ్చటి నీళ్ళు తేవడం, ఆ పూట సాయానికి వచ్చిన జాయ్సీ పని. హడావిడిలో వంటింటి వెనక కనిపించిన నీలం బకెట్టు నింపుకొచ్చింది. వీడ్కోలు భోజనానికి తెచ్చిన చేపలు పొద్దున అందులోనే ఉంచారని ఆ పిల్లకు తెలియదు. పైకి శుభ్రంగానే కనిపించింది. వేడినీళ్ళు పడేసరికి వాసన గుప్పుమంది.

సాల్మన్ రాజు గారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఎడమకాలు కడిగాడు. కుడికాలు చేతిలోకి తీసుకున్నాడు. ఆయన ముక్కుపుటాలు అదిరాయి.

"చేపల బకెట్టు కదూ ఇది."

"అవునండి. మార్చి తెస్తానండి."

"ఉండనీ." ఆయన కాసేపు నీళ్ళకేసి చూశారు. "బొచ్చె చేప."

సాల్మన్ తలెత్తకుండానే అన్నాడు. "మా నాన్న పేరు దేవసహాయం అండి."

"తెలుసు."

చేతిలోని పాదం జారబోతే పట్టుకున్నాడు.

"నువ్వొచ్చిన వారంలోనే తెలిసింది. నడక మీ నాన్నదే. గట్టు జారిపోద్దన్నట్టు వేళ్ళు పట్టించి నడుస్తావు."

"మరి అడగలేదేంటండి?"

"అడిగితే నువ్వెళ్ళిపోతావని భయమేసింది," అన్నారు రాజు గారు. వంకరపోయిన నోటితో మాట మెల్లగా వస్తోంది. "మీ నాన్న నిద్రపోలేదు. నీళ్ళకి గాలి పట్టించే ఇంజను బాగుచేయించమని వారం ముందే చెప్పాడు. నేను చేయించలేదు. తప్పు నాదని నలుగురూ అంటారని, మీ నాన్న మీదకి తోసేశాను."

సాల్మన్‌కు కోపం రావాలి. రాలేదు. నెత్తి మీది బరువు ఎవరో అందుకుని దించినట్టయింది. కళ్ళు తుడుచుకుని, జేబులోంచి ఫోను తీశాడు.

"ఈ మాట నాకు కాదండి. మా నాన్నకి చెప్పాలండి."

రాజు గారు కాదనలేదు. దేవసహాయం ఉంగుటూరు దగ్గర చేలో కూలిపనిలో ఉన్నట్టున్నాడు, ఫోనులో గాలి హోరు. సాల్మన్ ఫోను ఆయన చెవి దగ్గర పట్టుకున్నాడు.

"దేవసహాయం, నేను నరసింహరాజుని. ఆ రాత్రి నువ్వు నిద్రపోలేదయ్యా. నేనే అబద్ధం ఆడాను. మీ పాత ఊళ్ళో ఎవరితో చెప్పమంటే వాళ్ళతో చెప్తాను."

దేవసహాయం ఏ చెట్టు చాటుకో జరిగినట్టున్నాడు, గాలి హోరు తగ్గింది.

"చెప్పండి మరి, మన ఊరి చేపల రేవు దగ్గర వాళ్ళందరికీ చెప్పండి." అంతలోనే అడిగాడు. "భోంచేశారాండి?"

"ఆఁ," అన్నారు రాజు గారు. ఎడమచేత్తో కళ్ళు కప్పుకున్నారు.

అక్కడే కూర్చుని రేవులో చేపల కాటా నడిపే పెద్దమనిషికి ఫోను చేయించుకుని, ఆ మాటే మళ్ళీ చెప్పారు. వాసన సంగతి అప్పటికి తెలిసి, జాయ్సీ సబ్బుపొడి పట్టుకుని పరుగున వచ్చింది. రాజు గారు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. సాల్మన్ రెండో కాలు కూడా తీరిగ్గా కడిగి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా ఒత్తాడు.

"వస్తానండి మరి."

"రేపు వీపెవరు తోముతారు?"

"కొత్తవాళ్ళొస్తారండి. నీళ్ళు చెయ్యి మీద పోసి చూసుకోమని వాళ్ళకి చెప్పమని నిర్మల గారితో అన్నానండి."

సంచి భుజానికి తగిలించుకుని గేటు దగ్గర వెనక్కి తిరిగి చూశాడు. పొద్దు ఇంకా గుంకలేదు. రాజు గారి కుర్చీ పక్కన నీలం బకెట్టు ఖాళీగా ఉంది, దాని అడుగున చేప పొలుసొకటి ఎండకు మెరుస్తోంది.