మంచం పక్క ప్లగ్గు

మరుగుతున్న గంజి తపేలాను తవిటయ్య గుడ్డ పట్టకుండానే పొయ్యి మీంచి దించాడు. వట్టి చేతులతో నింపాదిగా మోసుకొచ్చి మంచం పక్కన పెట్టాడు.

"సూసినోళ్ళు జడుసుకుంటారు మావా. నీయి సేతులు కావు, పట్టకార్లు," అంది అతని భార్య కూర్మమ్మ మంచం మీంచి.

"అందుకే గదే మా ఓనరు నన్ను ఒదలడు. పట్టకారు కొంటే అరిగిపోతాది, నేనయితే అరగను."

కూర్మమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆయాసంగా మారిపోయింది. తవిటయ్య ఆమె వీపు రాస్తూ నిలబడ్డాడు.

పలాసలో జీడి ఫ్యాక్టరీ బాయిలరు దగ్గర అతని పని. ఉడికిన జీడిపిక్కల్ని గంపలకెత్తడం, ఆరబోయడం, విడిపోని వాటిని చేత్తో విడదీయడం. పిక్కలోంచి కారే నూనె మనిషి చర్మాన్ని కాలుస్తుంది. కొత్తవాళ్ళు బొబ్బలెక్కి ఏడుస్తారు. తవిటయ్యకు ఆ ఏడుపు పడుచుతనంలోనే అయిపోయింది. ఇప్పుడు అరచేతులు చింతబెరడులా నల్లగా, మందంగా ఉంటాయి. రేషను మిషను అతని వేలిముద్రను ఏనాడూ ఒప్పుకోలేదు. ఇంటి బియ్యం కూర్మమ్మ బొటనవేలి మీదే వచ్చేవి.

ఇవాళ ఆ చేతులకు వేరే పనుంది. తవిటయ్య సెలవు పెట్టాడు.

కూర్మమ్మకు కిడ్నీలు రెండూ పాడయ్యాయి. ఆ చుట్టుపక్కల ఉద్దానం ఊళ్ళలో అది కొత్త జబ్బేమీ కాదు. ఇన్నాళ్ళూ వారానికి మూడుసార్లు బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకుని, పిండేసిన గుడ్డలా ఇంటికి తిరిగొచ్చేది. డాక్టరు ఇప్పుడు పొట్టకు సన్నటి గొట్టం అమర్చాడు, ఇంట్లోనే వాడుకునే మిషను ఇస్తానన్నాడు. ఆమె పడుకుంటే రాత్రంతా రక్తం శుభ్రం చేసే పని అదే చేసుకుపోతుంది. అయితే ఒక షరతు. మంచం పక్కనే సరైన ప్లగ్గు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు కుదరవు.

వాళ్ళ పడకగదికి ఉన్నది ఒకే ఒక ప్లగ్గు. అదీ గుమ్మం పక్కన, ఫ్యాను స్విచ్చు కింద.

సాయంత్రం నర్సు అనిత వచ్చి గది చూస్తుంది. బాగుంటే మిషను ఇక్కడే దిగుతుంది. బాగోకపోతే విజయనగరంలో కూర్మమ్మ తమ్ముడు హరిబాబు ఇంట్లో దిగుతుంది. దాంతోపాటు కూర్మమ్మ కూడా. అక్కడ కొత్త ఇల్లు, కొత్త వైరింగు. అయితే ఆ ఇంట్లో ఉన్నది రెండు గదులు, ఆరుగురు మనుషులు. తవిటయ్యకు చోటు లేదు. ఫ్యాక్టరీ మానేస్తే మందులకు దిక్కు లేదు. పిల్లల్లేని ఆ ఇద్దరూ పెళ్ళయ్యాక ఒకరినొకరు విడిచి ఉన్నది ఆస్పత్రి రాత్రుళ్ళు మాత్రమే.

కాశీబుగ్గ ఎలక్ట్రీషియన్ "రేపొస్తాను" అంటూనే రెండు వారాలు గడిపేశాడు. ఇక తవిటయ్య ఆగలేదు. ఫోనులో వీడియోలు మళ్ళీ మళ్ళీ చూశాడు. పైపు, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ వైర్లు, రెండు ప్లగ్గులు పట్టే ఇనప పెట్టె కొనుక్కొచ్చాడు. టెస్టరు మాత్రం కొనలేదు. చెయ్యి ఉండగా అదెందుకు అనుకున్నాడు.

మెయిను ఆపి, సుత్తీ ఉలీ పట్టుకున్నాడు. సున్నం పెచ్చులు రాలిపడ్డాయి. గది నిండా తెల్లటి దుమ్ము. వీధి అరుగు మీద కూర్చోబెట్టిన కూర్మమ్మ కిటికీలోంచి మేస్త్రీలా అజమాయిషీ చేసింది.

"వంకర పోతన్నాది మావా!"

"గోడే వంకర. మీ నాన్న కట్టించిన గోడ గదా!"

"సచ్చినోడి మీద ఏటి పడతావు? నీ సూపే వంకర."

పైపు దిగింది. వైర్లు దూరాయి. గుమ్మం పక్క పాత బోర్డు విప్పితే ఆకుపచ్చ ఎర్తు వైరు కలపడానికి అందులో చోటే కనబడలేదు. వీడియోలో కుర్రాడు ఆ ముక్క గబగబా చెప్పేసి ముందుకెళ్ళిపోయాడు. తవిటయ్య కాసేపు తల గోక్కుని, ఆ వైరు కొసను చుట్టి బోర్డు లోపలికి తోసేశాడు. ఇనప పెట్టెను గోడకు బిగించేటప్పుడు ఒక మర మొరాయించింది. ఒళ్ళు బిగబట్టి తిప్పితే లోపల ఏదో 'కరక్'మని నలిగింది. మర మాత్రం గట్టిగా పట్టింది. అదే చాలనుకున్నాడు.

మెయిను వేసి, టేబులు ఫ్యాను తెచ్చి కొత్త ప్లగ్గులో పెట్టాడు. రెక్కలు ఒక్కసారి తడబడి, ఝుమ్మని తిరిగాయి. గోడ దుమ్మంతా లేచి అతని మొహాన పడింది. తవిటయ్య ఆ దుమ్ములోనే నిలబడి పకపకా నవ్వాడు.

కూర్మమ్మ గోడ పట్టుకుని లోపలికొచ్చింది. "ఓరి మావో! నిజంగానే ఒచ్చీసినాది. షాకు కొట్టదు గద?"

తవిటయ్య ముందు వేలు, తర్వాత అరచెయ్యి ఇనప పెట్టె మీద ఆనించాడు. చేతికి ఏమీ తెలియలేదు. తెలియకపోవడాన్నే ఏమీ లేకపోవడం అనుకున్నాడు.

"సూడు. పిల్లి పిల్లలాగ ఉన్నాది."

పెచ్చులు గంపకెత్తి బయట పారబోసి, కాళ్ళు కడుక్కుంటుండగా గదిలో కంచం పడిన చప్పుడైంది.

"ఏటయినాదే?"

"ఏటీ నేదు. దుమ్ము తుడస్తంటే సెయ్యి జారినాది."

అతను లోపలికొచ్చేసరికి కూర్మమ్మ మంచం మీద కూర్చుని ఉంది. కుడిచెయ్యి కొంగు కింద ఉంది. మొహం మరీ పాలిపోయి కనిపించింది. తిరిగినందుకు అలిసిపోయిందనుకున్నాడు.

అనిత వచ్చేసరికి పొద్దు వాలింది. వెనకే కారులో హరిబాబు. మిషను ఆ కారు డిక్కీలోనే ఉంది. ఇక్కడ దించడమో, అటు తీసుకుపోవడమో ఈ పూట తేలిపోవాలి.

"బావ ఇంజనీరైపోనాడురా!" అంది కూర్మమ్మ తమ్ముణ్ణి చూసి. గొంతులో హుషారు ఎక్కువగా ఉంది.

"అప్పా, కరెంటోళ్ళొచ్చి ఎత్తుకుపోతారు, దాచీ బావని," అన్నాడు హరిబాబు.

అనిత కూడా నవ్వింది. "బాగా చేశారు బాబాయ్," అంటూ సంచిలోంచి టెస్టరు తీసి ప్లగ్గు కన్నంలో పెట్టింది. ఎర్ర లైటు వెలిగింది. తర్వాత అలవాటుగా ఇనప పెట్టెకు తాకించింది.

లైటు అక్కడా వెలిగింది.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఇంకో మూలన పెట్టి చూసింది. వెలిగింది. "ఎవరూ దీన్ని ముట్టుకోకండి. లోపలెక్కడో వైరు నలిగినట్టుంది, పెట్టెకి కరెంటొస్తోంది. ఎర్తు కూడా లేదు."

"నేను ముట్టినానమ్మా," అన్నాడు తవిటయ్య. "అరసెయ్యి ఆనించి సూసినాను. ఏటీ కొట్టనేదు."

అనిత అతని అరచేతుల వైపు చూసింది. "మీ చేతికి తెలీదు బాబాయ్," అంది మెల్లగా. తర్వాత మంచం వైపు తిరిగింది. "అమ్మా, మీరు ముట్టుకున్నారా?"

కూర్మమ్మ కొంగు దగ్గరికి లాక్కుంది. కుడిచెయ్యి ఇంకా కొంగు కిందే ఉంది.

తవిటయ్య వెళ్ళి ఆ చెయ్యి బయటికి లాగాడు. చూపుడువేలి కొసన చర్మం ఎర్రగా కందిపోయింది.

"నీకు కొట్టినాదా?"

"రవ్వంత."

"మరి సెప్పవేటే?"

"సెప్తే పీకేస్తావు. పీకేస్తే నన్ను అటు అట్టుకుపోతారు." కూర్మమ్మ కళ్ళు దించుకుంది. "ముట్టకుండా పడుకుంటే ఏటవుతాదిలే అనుకున్నాను."

టేబులు ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. అనిత బయటికెళ్ళి మెయిను ఆపేసింది.

"పొట్టలో గొట్టం ఉన్న మనిషి," అంది తిరిగొచ్చి. "ఈ ప్లగ్గుకి మిషను పెట్టనివ్వలేను బాబాయ్. ఇంటి వైరింగంతా మార్పించండి, మళ్ళీ వచ్చి చూస్తాను. ఈలోగా ఆమెను విజయనగరం పంపండి, రోజులు వృథా కాకూడదు."

తవిటయ్య తల ఊపాడు. ట్రంకుపెట్టె తెరిచి చీరలు తీశాడు. గరుకు వేళ్ళకు దారాలు తగులుకుంటుంటే ఒక్కొక్కటే విడిపించి, మడతపెట్టి సంచిలో సర్దాడు. మందులు విడిగా కట్టాడు.

"నువ్వూ రా బావా. కింద పడుకుందాం," అన్నాడు హరిబాబు.

"రేపు బాయిలరు కాడ ఎవులుంటారురా?"

కారు దాకా ఆమెను ఎత్తుకునే వెళ్ళాడు. వెనక సీట్లో కూర్చోబెట్టి, వాచిన కాళ్ళు రెండూ జాగ్రత్తగా లోపల పెట్టాడు. తలుపు వెయ్యబోతుంటే కూర్మమ్మ అతని చెయ్యి పట్టుకుంది. అరచేతి మధ్యలో గోళ్ళు దిగేలా గిల్లింది.

"తెలస్తన్నాదా మావా?"

అతనికి ఏమీ తెలియలేదు.

"తెలస్తన్నాది," అన్నాడు.

ఆమె నమ్మిందో లేదో గాని నవ్వింది. "వైర్లు మార్పించీ. బేగి వొచ్చెత్తాను."

కారు జీడితోటల మలుపు తిరిగిపోయింది.

తవిటయ్య వైర్లు మార్పించాడు. ఎలక్ట్రీషియన్ వెంటపడి, వాకిట్లో గొయ్యి తవ్వించి ఎర్తు కూడా వేయించాడు. కానీ కూర్మమ్మ తిరిగి రాలేదు. ఆ పని పూర్తయిన వారంలోనే, విజయనగరంలో, మిషను నడుస్తుండగానే నిద్రలో వెళ్ళిపోయింది.

అదంతా తర్వాతి సంగతి. ఆ సాయంత్రానికి అతనికి తెలిసింది ఇల్లు నిశ్శబ్దంగా ఉందని మాత్రమే. మెయిను వెయ్యలేదు. మసక వెలుతురులో పక్క దులుపుదామని గదిలోకి వెళ్ళాడు. తలగడ వెనక, కిటికీ గూట్లో, ఒక చిన్న స్టీలు గ్లాసు మూతపెట్టి ఉంది. రోజుకింతే తాగాలని డాక్టరు చెప్పిన నీళ్ళలోంచి, ఎంత దాహమేసినా ఓర్చుకుని, కూర్మమ్మ రాత్రి కోసం దాచుకున్న రెండు గుక్కలు.