భోక్త స్థానం

శాలిబండలో అనంతపద్మనాభం ఇంటికి ఒక పేరుండేది. తాత, తండ్రి, తను, ముగ్గురూ ఒకే నవాబుగారి జాగీరు కచేరీలో మున్షీలుగా కలం పట్టినవాళ్ళు. జాగీర్లు రద్దయిన ఏడాది ఆ కచేరీకి తాళం పడింది. కొందరు మున్షీలను సర్కారు తన దఫ్తర్లలోకి తీసుకుంది, మిగిలినవాళ్ళకు "మీ దరఖాస్తు నడుస్తున్నది" అని చెప్పి పంపింది. అనంతపద్మనాభం దరఖాస్తు ఆ నడుస్తున్న వాటిలోది. ఎనిమిదేళ్ళుగా నడిచి నడిచి అది ఎక్కడికి చేరిందో దేవుడికే తెలియాలి. ఈలోగా ఆయన చెప్పులు అరిగాయి, భార్య సూర్యప్రభ మెడలో పసుపుతాడు తప్ప మరేమీ మిగల్లేదు.

నిజంగా పేదవాడికి పేదవాడిలా బతికే స్వేచ్ఛైనా ఉంటుంది. మూటలు మోస్తాడు, రిక్షా తొక్కుతాడు, ఆకలేస్తే ఆకలేస్తోందంటాడు. ఈ మున్షీగారికి ఆ భాగ్యం కూడా లేదు. తెల్లటి ధోవతి కట్టుకుని వీధిలోకి వస్తే ఇప్పటికీ నలుగురు నమస్కారం పెడతారు, ఆ నమస్కారాలే ఆయన కొంప ముంచాయి. ఒకసారి సిగ్గు చంపుకుని పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణానికి వెళ్ళి లెక్కలు రాస్తానన్నాడు. ఆ సేఠ్ లేచి నిలబడి, చాయ్ తెప్పించి, "మీలాంటి పెద్దమనిషికి నేను పని చెప్తే బజారంతా నన్ను తిడతారు మున్షీసాబ్" అని ఎంతో మర్యాదగా సాగనంపాడు. ఆ రోజు ఇంట్లో అందరి కడుపుల్లోకీ పోయింది ఆ మర్యాద ఒక్కటే.

అలాంటి రోజుల్లో నరహరి పంతులు వచ్చాడు. తద్దినాలు పెట్టించే పురోహితుడు. చనిపోయిన పెద్దల స్థానంలో పీట మీద కూర్చుని భోజనం చేసే బ్రాహ్మణుణ్ణి, అంటే భోక్తను, వెతికి తీసుకువెళ్ళడం ఆయన పనుల్లో ఒకటి. ఉద్యోగస్తుల ఇళ్ళవాళ్ళు ఆ పీట మీద కూర్చోరు. ఇంకొకరి పితృదేవతల భారం మోసుకొచ్చే తిండి అని వాళ్ళకు చిన్నచూపు. అనంతపద్మనాభం తండ్రి బతికున్న రోజుల్లో భోక్తగా వెళ్ళేవాడెవడైనా అరుగు మీద కూర్చుంటే, వాడు లేచిపోయాక అక్కడ నీళ్ళు చల్లించేవాడు.

"శాలిబండల వద్దు పంతులూ, చార్మినార్ దిక్కు గూడ వద్దు," అన్నాడు అనంతపద్మనాభం గోడవైపు చూస్తూ. "మలక్‌పేట అయితే వస్త. ఆడ మనల్ని ఎరిగినోళ్ళు లేరు."

మలక్‌పేటలో కొత్తగా సర్కారీ క్వార్టర్లు లేచాయి. రాష్ట్రాల హద్దులు మార్చినప్పుడు ఔరంగాబాదు నుంచీ, ఇంకెక్కడెక్కడి నుంచో బదిలీ అయి వచ్చిన అధికార్లు అక్కడ కాపురం పెట్టారు. వాళ్ళకూ తద్దినాలుంటాయి, భోక్తలు కావాలి. అలా మొదలైంది. పొద్దున్నే మడి ధోవతి చంకలో పెట్టుకుని దబీర్‌పురా దర్వాజా దాటి నడిచిపోవడం, మధ్యాహ్నం తిరిగి రావడం. భోక్త ఆ రాత్రి భోజనం చేయకూడదు, అది నియమం. ఆ నియమం వల్ల ఇంట్లో ఒక మనిషి అన్నం మిగిలేది. ఈ సంగతి సూర్యప్రభకు తెలుసు. కూతురు నళినికి మాత్రం బాపు వ్రతాలకు వెళ్తున్నాడని చెప్పారు. ఆ పిల్ల బడిలో స్నేహితురాళ్ళతో మా బాపు పూజలు చేయిస్తాడని గొప్పగా చెప్పుకునేది. అది విన్నప్పుడల్లా ఆయనకు నేలలోకి దిగిపోదామనిపించేది.

ఇంతలో బాబురావు ఒక కబురు తెచ్చాడు. జాగీరు కచేరీలో జవానుగా ఉండేవాడు, ఇప్పుడు ఒక పెద్ద సర్కారీ దఫ్తర్లో అదే పని. "మున్షీసాబ్, మా రికార్డు రూములో ఒక జాగ ఖాళీ ఉన్నది. పాత జాగీరు కాయితాలు ఉర్దూల చదివెటోళ్ళు కావాలె. వయసు మీరినా ఈ ఒక్కసారికి మాఫ్ చేస్తున్నరు, మల్ల చెయ్యరు. సోమవారం కొత్త సాబ్ సొంతంగ చూస్తడట. మీరు షేర్వాణి తొడుక్కొని రాండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి."

ఆ ఉద్యోగం ఒక్కటి దొరికితే చాలు, మలక్‌పేట దారి మళ్ళీ తొక్కే పని లేదు. దొరక్కపోతే ఇక ముందు అడగడానికి వయసు ఒప్పుకోదు. భార్యాభర్తలిద్దరూ ఆ నాలుగు రోజులూ ఆ మాట ఎత్తకుండా, అదే ఆలోచించుకుంటూ తిరిగారు.

శుక్రవారం తెల్లవారేసరికి నరహరి పంతులు మళ్ళీ తలుపు తట్టాడు. పితృస్థానానికి మనిషి కావాలట. వద్దందామని అనంతపద్మనాభం నోరు తెరిచాడు. వంటింట్లో సూర్యప్రభ బియ్యం డబ్బా అడుగును చేత్తో తుడుస్తున్న చప్పుడు వినిపించి, తెరిచిన నోరు మూసుకుని ధోవతి తీసుకున్నాడు.

మలక్‌పేట ఇంట్లో తద్దినం పెట్టే కర్త రంగనాథ్‌కు నలభై దాటి ఉంటాయి. నెమ్మదైన మనిషి, మంత్రం తప్పితే మళ్ళీ చెప్పించుకునేంత శ్రద్ధ. పెరట్లో భోక్తను పీట మీద నిలబెట్టి, భార్య నీళ్ళు పోస్తుండగా కాళ్ళు కడిగాడు. ఆ మడమలు నిలువునా పగిలి, పగుళ్ళలో పాత మట్టి దిగి ఉన్నాయి. రంగనాథ్ తొందరపడకుండా, ఒక్కొక్క పగులునూ వేలితో తుడిచి, ఆ నీళ్ళు తన నెత్తిన చల్లుకున్నాడు. అనంతపద్మనాభం కళ్ళు మూసుకున్నాడు. చూసేవాళ్ళకు అది ధ్యానంలా కనిపించింది. అది ఒట్టి సిగ్గు.

విస్తరి వేశారు. అరటికాయ కూర, గారెలు, నువ్వుండలు, పరమాన్నం. భోక్త ముందు రాత్రి కూడా ఉపవాసం ఉండాలి. ఈయన అంతకు ముందు పూట నుంచే ఉన్నాడు, శాస్త్రం అడగకపోయినా. మౌనంగా, నిదానంగా తినాలని తెలుసు. చెయ్యి ఆగలేదు. గారె మీద గారె, అన్నం మీద అన్నం, వడ్డించేవాళ్ళు ఒంగి లేచేలోపు విస్తరి ఖాళీ అవుతోంది. తన చేతిని తనే చూసుకుంటూ, ఆపుకోలేక తిన్నాడు.

తలుపు చాటు నుంచి రంగనాథ్ తల్లి రంగనాయకి చూస్తోంది. పెద్ద ముత్తైదువలా బతికి ఇప్పుడు బోసి నుదుటితో కూర్చున్న ముసలమ్మ. "సూడు బిడ్డా," అంది కొడుకుతో. "మీ నాయన గూడ గిట్లనే, తలకాయ లేపకుంట తినెటోడు. ఇన్నేండ్లకు ఆయనకు కడుపు నిండింది." కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే బయట గేటు దగ్గర ఒక గొంతు వినిపించింది. "సాబ్ ఉన్నరా అమ్మా? దఫ్తర్ నుంచి బాబురావును. సోమవారం రికార్డు రూము నౌకరీకి వచ్చెటోళ్ళ కాయితాలు తెచ్చిన."

"సాబ్ ఇయాల్ల ముట్టుకోరు, తద్దినం. అరుగు మీద పెట్టి పో," అంది రంగనాథ్ భార్య.

అనంతపద్మనాభం ఎత్తిన ముద్దను మళ్ళీ విస్తట్లోకి దించాడు. తన కాళ్ళు కడిగిన ఈ మనిషే సోమవారం తనను చూడబోయే కొత్త సాబ్. లేచిపోదామంటే మధ్యలో లేచిన భోక్త వల్ల తద్దినం చెడుతుంది. కదలకుండా కూర్చుని మిగిలింది మింగాడు. చివర్లో రంగనాథ్ చేతులు జోడించి "తృప్తేనా?" అని అడిగాడు. "తృప్తి," అన్నాడు, సోమవారం గొంతు గుర్తుపట్టకూడదని వీలైనంత లోగొంతుకతో.

సోమవారం షేర్వాణీ గుండీలన్నీ మెడదాకా పెట్టుకున్నాడు. నల్లటోపీ కనుబొమల దాకా లాక్కున్నాడు. శుక్రవారం ఒంటి మీద ధోవతీ, అంగవస్త్రమూ తప్ప లేని మనిషికీ ఈ మున్షీసాబుకూ పోలికే లేదని సూర్యప్రభ ధైర్యం చెప్పింది. దఫ్తర్ దాకా బాగానే వెళ్ళాడు. సాబ్ గది గుమ్మంలో కొత్త ఎర్ర తివాచీ పరిచి ఉంది. తన చెప్పులు చూసుకున్నాడు. ఒకదానికి తోలు ఊడి సుతిలి తాడుతో కట్టి ఉంది. వాటితో లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లక, బాబురావు స్టూలు కిందికి తోసేసి ఉత్తకాళ్ళతో నడిచాడు.

రంగనాథ్ గుర్తుపట్టలేదు. కూర్చోమనలేదు కూడా. నౌకరీ అడగవచ్చిన ఉమేదువారును ఎవరు కూర్చోమంటారు? పాత కాయితం ఒకటి చేతికిచ్చి చదవమన్నాడు. అనంతపద్మనాభం చదివాడు. ఇంకోటి ఇచ్చాడు, అదీ చదివాడు. సాబ్ మొహం విచ్చుకుంది.

"మంచిగ చదివిన్రు. పొద్దుగాల్నుంచి వచ్చినోళ్ళల్ల గిట్ల చదివినోళ్ళు లేరు. ఇగ మీకే..."

కాయితం తిరిగి అందుకోబోతుంటే అది జారి బల్ల పక్కన కింద పడింది. తీయడానికి ఇద్దరూ వంగారు. తివాచీ మీద, వంగినప్పుడు పైకి లేచిన ఆ పగిలిన మడమలు రంగనాథ్ మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి. ఆయన చేయి ఆగిపోయింది. మెల్లగా లేచి, కుర్చీలో కూర్చోకుండా నిలబడ్డాడు.

"శుక్రవారం మా ఇంటికొచ్చిన్రు గదా మీరు."

"లేదు సాబ్. నేను కాదు."

"ఈ కాళ్ళు నేను కడిగిన," అన్నాడు రంగనాథ్.

ఆ తర్వాత అబద్ధం చెప్పడానికి ఏమీ మిగల్లేదు. రంగనాథ్ తన ఎదురు కుర్చీ చూపించి "కూసోండ్రి" అన్నాడు. తను మాత్రం నిలబడే ఉన్నాడు. మాట్లాడుతుంటే ఎంతో బాధగా, ఎంతో గౌరవంగా ఉంది ఆ గొంతు.

"మీరు తప్పనుకోవద్దు. ఈ నౌకరీ మీకు ఇయ్యలేను. ఒక్క పూటే అయినా మా నాయన మీలో కూసున్నడు. అసొంటి మనిషిని నేను నా ముందట ఎట్ల నిలబెట్టాలె? ఫైలు తెమ్మని ఎట్ల అనాలె? రేపు ఏదన్న గల్తీ అయితే ఎట్ల కోప్పడాలె? పాపం తగుల్తది. మీరు ఏం ఫికర్ చెయ్యకుండ్రి. మా తద్దినానికి ప్రతి ఏడు మీరే రాండ్రి. మా క్వార్టర్లల్ల ఇంకో నాలుగిండ్లకు నేనే చెప్త."

అనంతపద్మనాభానికి ఆ నాలుగిళ్ళూ కనిపించాయి. ఆ తర్వాత ఇంకో నాలుగు. ఎప్పుడో ఒకరోజు అది చార్మినార్ దాటి శాలిబండ దాకా వస్తుంది. నళిని బడి దాకా వస్తుంది. మళ్ళీ మర్యాద. మళ్ళీ లేచి నిలబడి చేతులు జోడించి వీధిలోకి పంపడం. ఆయనకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే, గుమ్మం దగ్గర బాబురావు నిలబడి వింటున్నాడని తెలిసి కూడా, జన్మలో ఎవరితో అనని మాట అన్నాడు.

"మీ నాయన రాలేదు సాబ్."

రంగనాథ్ అర్థం కానట్టు చూశాడు.

"నేనే వచ్చిన. ఆకలికి వచ్చిన. మంత్రం మీద నా మనసు లేకుండె, మీ నాయన మీద లేకుండె. ఇంట్ల బియ్యం లేకుండె. నేను తిన్నదంత నా కడుపుకే తిన్న. తృప్తి అన్నది గూడ నేనే. మీ నాయన ఆ పీట మీద లేడు. మీరు నన్ను ఏమన్న అనొచ్చు. ఏ పాపం తగలదు. నౌకరీ ఇయ్యండ్రి."

రంగనాథ్ కుర్చీ వెనక్కి లాక్కుని కూర్చున్నాడు. కోపం ఉంటే బాగుండేది. ఆ మొహంలో కోపం లేదు.

"మా అమ్మ మూడు దినాల సంది అదే చెప్తున్నది, వచ్చినోళ్ళకు పోయినోళ్ళకు," అన్నాడు బల్ల వైపు చూస్తూ. "ఆయన కడుపు నిండ తిని పోయిండని. ఇన్నేండ్లల్ల ఆమె నవ్వంగ నేను చూడలే."

అనంతపద్మనాభం ఎదురు కుర్చీలో సగం కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. చనిపోయిన మనిషి తృప్తిని తను బేరం పెట్టి అమ్ముకున్నాడు. నోటికొచ్చిన మాట కాదు, తెలిసి తెలిసి అన్న మాట. వెనక్కి తీసుకుందామా అనుకున్నాడు. తీసుకోలేదు. ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

రంగనాథ్ కలం తీసి సంతకం పెట్టాడు. "రేపు పదింటికి రా. బాబురావు రికార్డు రూము చూపిస్తడు." కాయితం బల్ల మీద ఇటు తోశాడు, చేతికివ్వలేదు. "మా అమ్మకు ఈ మాట ఎన్నడు తెల్వద్దు."

"తెల్వది సాబ్."

బయట బాబురావు స్టూలు కిందినుంచి చెప్పులు తీసి, రెండూ ఒకే వరుసలో పెట్టి ఉంచాడు. అనంతపద్మనాభం అతని మొహం వైపు చూడకుండా వాటిలో కాళ్ళు పెట్టాడు.

శాలిబండ చేరేసరికి పొద్దు వాలింది. సూర్యప్రభ వాకిట్లోనే నిలబడి ఉంది. దూరం నుంచే భర్త నడక చూసింది, వంగిన తల చూసింది. లోపలికి రానిచ్చి, తలుపు దగ్గరికి వేసి, టోపీ తీసుకుని మేకుకు తగిలించింది. చెంబుతో నీళ్ళిచ్చింది.

"పోనీయుండ్రి," అంది ఆయన భుజం మీది దుమ్ము దులుపుతూ. "గీ నౌకరీ కాకుంటె ఇంకోటి దొరుకుతది. మీరు తప్పేం చేసిన్రు? తల ఎందుకు దించుకుంటున్నరు?"

"దొరికింది," అన్నాడు అనంతపద్మనాభం. తల మాత్రం ఎత్తలేకపోయాడు.