లోపలి కుట్టు

పరగడుపున కడుపుమంట మాత్ర వేసుకుని, అరగంట ఆగి నాలుగు ముద్దలు తిన్నాననిపించి, దర్జీ పనికి బయలుదేరబోతూ ప్యాంటు నడుము పట్టి చూసుకున్నాడు. రెండు వేళ్లు సులువుగా దూరాయి. భార్య చూడకముందే చొక్కా కిందికి లాక్కున్నాడు.

"గులాబీ మందు సీసా సంచిలో పెట్టాను. ఏవండీ, పొద్దున ఆ మాత్ర, మధ్యాహ్నం ఈ మందు, రెండూ వాడొచ్చో లేదో కనుక్కున్నారా? ఒకదానికొకటి పడకపోతే?" అంది ఆవిడ.

"అవేమన్నా అత్తాకోడళ్లా, పడకపోవడానికి? మందుల షాపాయన్ని అడిగానుగా. రెంటికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంటే ఏ ప్రమాదమూ లేదన్నాడు."

ఆవిడ మొహం తేటపడింది. అతను చెప్పింది అబద్ధమేమీ కాదు. అయితే షాపాయన ఇంకో మాట కూడా అడిగాడు, ఎన్నాళ్ల నుంచి వాడుతున్నావు పెద్దాయనా అని. ఓ వారం నుంచి అన్నాడు దర్జీ. రెండు వారాలు దాటితే మాత్రం డాక్టరుకి చూపించుకో అన్నాడాయన. ఆ వారం మొదలై ఇప్పటికి ఏడు నెలలు. అందుకని దర్జీ మూడు మందుల షాపులు వంతులవారీగా తిరుగుతున్నాడు. మూడింటిలోనూ అదే వారం నడుస్తోంది.

పిరికివాడనుకుంటే అనుకోండి. అతని అన్న ఇలాగే కడుపు పట్టుకుని ఆసుపత్రికి వెళితే కోశారు, చూశారు, మళ్లీ కుట్టి పంపారు. నెల తిరక్కుండా పోయాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కుట్టుతో బతికినవాడికి ఆ ఒక్క కుట్టంటే గుండెల్లో దడ. అందుకే రెండు మందులూ కలిపి వాడొచ్చా అనే అడిగేవాడు. రెండు మందులు ఎందుకు కావాల్సి వస్తున్నాయని ఎవరినీ అడగలేదు.

బట్టల దుకాణంలో మెట్ల కింద, నిలబడితే తల తగిలే చోట అతని మిషను. మెడలో అంకెలు అరిగిపోయిన టేపు, చెవి మీద సుద్దముక్క, ఒక కాడ విరిగితే దారం చుట్టిన కళ్లజోడు. కుడి బొటనవేలి మీద కత్తెర ఒరుసుకుని కాసిన కాయ. ఇరవై ఆరేళ్లుగా అతను కొత్త బట్ట ఒక్కటీ కుట్టలేదు. ఎవరో కుట్టినవాటిని ఇంకెవరి ఒంటికో సరిపెట్టడమే పని. ఆ పనిలో పేరు రాదు, చెడ్డపేరు మాత్రం ఇట్టే వస్తుంది.

ఆ రోజు మెట్లెక్కేవాళ్ల చెప్పుల చప్పుడు తలలో మోగుతున్నట్టనిపించింది. ముందురోజు నుంచి విరేచనం తారులా నల్లగా అవుతోంది. పొద్దున లేవగానే కళ్లు తిరిగాయి. ఏదో పడని తిండి తిన్నాననుకున్నాడు. అలా అనుకోవడమే సుఖంగా ఉంది.

"బాబాయ్, లోపల అంత గుడ్డ ఎందుకు ఉంచుతావు? కత్తిరించి పారెయ్యొచ్చుగా," అంది కౌంటరు అమ్మాయి, అతను నడుం బిగించిన ప్యాంటు మడతపెడుతూ.

"ఆయన మళ్లీ ఒళ్లు చేస్తే? అప్పుడెక్కణ్నుంచి తెస్తావే గుడ్డ? మీ ఇంటి కర్టెను చింపి ఇస్తావా?"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది.

పదకొండింటికి పాత గిరాకీ, లెక్కల మాస్టారు ప్యాంటు పట్టుకొచ్చారు. దర్జీ ఆయన నడుము కొలిచి, టేపు చూసి, మళ్లీ కొలిచాడు.

"మాస్టారూ, మూడు నెలల్లో రెండంగుళాలు దిగారు. బిగించడానికేం, బిగిస్తాను. ముందు డాక్టరుకి చూపించుకోండి."

"వెళ్లాలయ్యా. నీ పనే హాయి. నిన్ను చూసినప్పుడల్లా అదే నడుము. ప్యాంటు ఒంటికి అతికినట్టుంటుంది."

దర్జీ టేపు మళ్లీ మెడలో వేసుకున్నాడు. సిగ్గేసింది. ఒకరికి చెప్పిన మాట తన చెవిన పడి తనకే తగిలింది.

మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక డబ్బాలో అన్నం రెండు మెతుకులు కతికి, సీసా మూత నిండా గులాబీ మందు పోసుకుని తాగాడు. లుంగీ చుట్టుకుని, తన ఒంటి మీది ప్యాంటు విప్పి తిరగేశాడు. సుద్దతో గీత గీశాడు. సూది కింద పెట్టాడు గానీ పాదం కదల్లేదు. చాలాసేపు ఆ గీతనే చూశాడు. చివరికి ప్యాంటు సూది కింద నుంచి తీసేసి మడిచాడు.

"అమ్మాయ్, రేపు రాను. డాక్టరు దగ్గర పనుంది. సాయంత్రం మీ పిన్నికి కూడా చెప్పాలి," అన్నాడు.

అని, మిషను మీద చేతులు పెట్టి, చేతుల మీద తల ఆనించాడు. తిన్నాక కాసేపు అలా కునుకు తియ్యడం అతనికి అలవాటే. మూడున్నరకి మాస్టారు ప్యాంటు కోసం వస్తే కౌంటరు అమ్మాయి వచ్చి భుజం తట్టింది. అతని చెయ్యి చల్లగా తగిలింది.

ఆసుపత్రి వరండాలో భార్య డాక్టరు కాళ్ల మీద పడినంత పని చేసింది.

"నేనే ఇచ్చానండీ. రెండు మందులూ నా చేత్తో నేనే ఇచ్చాను."

"వాటి వల్ల కాదమ్మా. ఆ రెండూ వాడినా ప్రమాదం లేదు. కడుపులో పుండు ఎన్నాళ్ల నుంచో ఉంది, నెత్తురు లోపలే పోయింది. మందులు నొప్పి తెలియనివ్వలేదు, అంతే. మనిషి ఇంతగా చిక్కిపోతుంటే ఇంట్లో చూసుకోలేదా?"

"చిక్కారా?" అందావిడ అయోమయంగా. "మొహం పీక్కుపోయిందంటే, నేనేమన్నా పెళ్లికొడుకునా అనేవారు. బట్టలు ఒక్కనాడూ వదులవలేదండీ."

అతను పోయిన నాలుగోరోజు కౌంటరు అమ్మాయి అతని సంచి తెచ్చి ఇచ్చి, చెప్పాలనుకున్నదేదీ చెప్పలేక ఏడ్చి వెళ్లిపోయింది. సంచిలో డబ్బా, సగం సీసా, మడిచిన ప్యాంటు. ఉతుకుదామని ఆవిడ ప్యాంటు తిరగేసింది. నడుము వెనక ఒకదాని పక్కన ఒకటిగా నాలుగు కుట్లు. వాటి పక్కన కుట్టని సుద్దగీత ఒకటి. లోపలికి మడిచిన గుడ్డ మాత్రం అంగుళం కూడా కత్తిరించకుండా అంతా అలాగే ఉంది.