తోక పట్టీ లేని శీలావతి

కౌల్ బజార్‌లోని మా అంగడిలో వలలతో పాటు చేపపిల్లలు కూడా అమ్ముతాను. మా శెట్ల ఇంట్లో వెల్లుల్లి కూడా తినరు. అయినా తినేవాడికి రుచి తెలియాలి గానీ, అమ్మేవాడికి సరుకు తెలిస్తే చాలు. అంగుళం పిల్లను నీళ్లు పోసిన తెల్ల పళ్లెంలో వదిలితే ఇట్టే చెప్తాను. తల పెద్దదైతే బొచ్చె. తోక మొదట నల్లపట్టీ ఉంటే శీలావతి. పట్టీకి బదులు ముక్కోణం మచ్చ ఉంటే ఎర్రమోసు.

మొన్న సోమవారం హగరి ఏటి వైపు నుంచి ఆరుగురు రైతులు పిల్లల కోసం వచ్చారు. వాళ్లలో పెద్ద హులిగప్ప. అతను కొంటే ఆరుగురూ కొంటారు, అతను లేస్తే అంగడి ఖాళీ. బేరం సాగుతుండగా గాళెప్ప, అతని భార్య అంజినమ్మ బైకు దిగారు. పోయిన ఏడాది మా దగ్గర శీలావతి పిల్లలు కొని పొలంలోని గుంతలో వదిలినవాళ్లు. గాళెప్ప తడి గోనె విప్పి, చెయ్యంత చేపను నా ముందు పెట్టాడు.

"శెట్రే, నువ్విచ్చిందే. సూడు ఎట్లుండాదో!"

కొన్న సరుకు తిరిగి అంగడికి వచ్చిందంటే ఫిర్యాదే. గబగబా తోక చూశాను. పట్టీ లేదు. ప్రాణం లేచొచ్చింది.

"ఇది నాది కాదప్పా! నేనిచ్చింది శీలావతి. దీనికి తోక కాడ పట్టీ యాడుండాది?"

అంజినమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అది పిల్లప్పటి గుర్తు శెట్రే, పెరిగితే పోతాది. ఉయ్యాల్లో నీకు పెట్టిన దిష్టిచుక్క ఇంకా ఉండాదా ఏంది?"

అంగడంతా నవ్వు.

"మొదటి చేప పిల్లలిచ్చినోల్లకే ఇయ్యల్లని తెస్తిమి," అన్నాడు గాళెప్ప. "నాది కాదంటాండావే!"

హులిగప్ప నవ్వలేదు. "పెద్ద చేపను ఎప్పుడన్నా సూసిండావా శెట్రే?"

"లేదప్పా," అన్నాను. అబద్ధానికి ఆ పూట గిరాకీ లేదు.

అతను మూడు రకాల తొట్ల నుంచీ పిల్లలను దోసిట్లో తీసి ఒకే పళ్లెంలో కలిపాడు. "రకానికి రకం ఏరు."

ఏరాను. అంజినమ్మ ఒక్కొక్కటీ చూసి తలూపింది. "పిల్లోల్లను తప్పడు. పెద్దోల్లనే గుర్తుపట్టడు."

"మనం కొనేది పిల్లలనే కదా," అని హులిగప్ప పిల్లలు పోయించుకోను సంచి ముందుకు జరిపాడు. వెనక ఐదు సంచులు జరిగాయి.

ఇక మిగిలింది చేప. వద్దంటే గాళెప్ప చిన్నబుచ్చుకుంటాడు. ఇంటికి తీసుకుపోతే నా భార్య విజయమ్మ నన్నూ దాన్నీ కలిపి వీధిలో పెడుతుంది. రెండు చేతులతో అందుకుని కళ్లకద్దుకున్నాను. పెరిగిన శీలావతి గుర్తేమిటో అంజినమ్మనడిగి, పెదవి అంచున కుచ్చులు చూశాను. తర్వాత దాన్ని హులిగప్పకు కొసరుగా ఇచ్చేశాను.

చేతులు మూడుసార్లు కడుక్కుని ఇంటికి పోయాను. విజయమ్మ నాలుగోసారి కడిగించింది.