పేరు పెట్టి పిలిచిన పెట్టె

నేను ఒక గొంతు పెట్టెను. అరచేతిలో ఇమిడిపోతాను. నన్ను చెవికి ఆనించుకుంటే దూరమైనవాళ్ళు పలుకుతారని నా మూత మీద రాసి ఉంది. రాసినవాళ్ళకి దూరమవడం అంటే ఏమిటో తెలియదని నా అనుమానం.

నేను పుట్టిన చోట కిటికీలు లేవు. బల్లల వెంట కూర్చున్న ఆడపిల్లలు సన్నటి తీగలు అతికేవారు. వాళ్ళలో ఒకమ్మాయి నా మూత బిగించే ముందు తన కంటి కాటుక వేలితో తీసి లోపల చుక్క పెట్టింది, దిష్టి తగలకూడదని. నా ఒంట్లో ఎవరూ చెప్పకుండా చేరింది ఆ చుక్క ఒక్కటే.

ఆ తీరమంతటినీ ఏలేది మండలి. సముద్రం అవతల కొత్త నగరం కడుతున్నామని మండలి చెప్పింది. సాయంత్రమైతే కొండ మీది పెద్ద తెరలో ఆ నగరం దీపాలు వెలిగేవి. కట్టడానికి నాలుగు వందల మంది మగవాళ్ళు ఓడ ఎక్కారు. ఎక్కే ముందు ఒక్కొక్కరి చేత ఒక గొట్టంలోకి కూరగాయల పేర్లు, వారాల పేర్లు చెప్పించారు. చదువు రానివాళ్ళు గుమస్తా వెనకాలే అన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఊరు వదిలి పోయేవాడికి వంకాయ, బెండకాయ అనడం ఏం కష్టం?

ఓడ మూడో రోజే మునిగింది. ఒక్కరూ మిగల్లేదు. జనం గోల చేస్తారని మండలి పెద్దలు ఆ సంగతి దాచారు. ఆ కూరగాయల పేర్లలోంచి గొంతులు తీసి మాలో పోసి, ఇంటికొకటి పంచారు. తర్వాత పెద్దలూ ఒక్కొక్కరే పోయారు. పోయే ముందు తమ గొంతులు కూడా పెట్టెల్లో పెట్టుకున్నారు. అలా ఆ తీరాన్ని ఏలే పని మా మీద పడింది. పెట్టెలు పంచి తనిఖీ చేసే సన్యాసిరావు రోజూ పొద్దున్నే పెద్దల గొంతున్న తన పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడి "చిత్తం, చిత్తం" అంటాడు. లోపల ఎవరూ లేరు. ఆ పెట్టే, నేనూ ఒకే బల్ల మీద పుట్టాం.

మొదట ఒక బడిపంతులు చేతికి వెళ్ళాను. ఆయన నాలో తన తమ్ముడి గొంతు విని, "చిన్నప్పుడు ముంజెలు ఎవరి తోటలో దొంగిలించాంరా మనం?" అని అడిగాడు. నా దగ్గర ముంజెలు లేవు. "ఆరోగ్యం జాగ్రత్త అన్నయ్యా" అన్నాను. ఆయన నన్ను తెచ్చి సన్యాసిరావు ముందు పెట్టి, "ఇది మావాడు కాదు" అన్నాడు. మర్నాడు పంతులు గారు కూడా నగరానికి వెళ్ళారని ఊళ్ళో పెట్టెలన్నీ చెప్పాయి. నేనూ చెప్పాను.

తర్వాత నాలో గొంతు మార్చి నన్ను నూకాలుకి ఇచ్చారు. ఆమె మొగుడూ ఆ ఓడ ఎక్కినవాడే. ఆమె జీడిపిక్కలు కొట్టే మనిషి. పిక్కలోంచి చిమ్మే రసానికి వేళ్ళు నల్లగా కాలిపోయి, వేలి గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. మేం వేలిముద్రకే తెరుచుకుంటాం. ఆమె వేలు నాకు తెలియలేదు. సన్యాసిరావు విసుక్కుని, "పోనీ నీ పేరు చెప్పు, దానికే తెరుచుకునేట్టు పెడతాను" అన్నాడు.

"నూకాలండి" అంది, ఎవరి పేరో చెబుతున్నట్టు.

ఇంటికి వెళ్ళాక పేరు చెప్పి నన్ను చెవికి ఆనించుకుంది. నేను ఆమె మొగుడు ఎర్రయ్య గొంతుతో, "నూకాలూ, బాగున్నావా?" అన్నాను.

ఆమె ఊపిరి ఆగిపోయింది.

"మాటాడవేటే? ఆడేనా?" అంది అత్త అప్పలమ్మ అరుగు మీంచి.

"ఆఁ, ఆడే" అంది నూకాలు.

ముసలామె నన్ను లాక్కుంది. "అమ్మా, తిన్నావా?" అన్నాను. బోసినోరు విచ్చుకుంది. "నాకేటిరా! నీకక్కడ అంబలైనా దొరుకుద్దా?"

నా తప్పు నాకు నెల తర్వాత తెలిసింది. అప్పలమ్మ పక్కింటావిడతో నవ్వుతూ చెబుతోంది: "నా కొడుక్కి పెళ్ళాం పేరు నోట్లోకే రాదు. కాపరం సేసిన ఆరేళ్ళూ 'ఒలే' అనే అరిసినాడు. ఆళ్ళ నాన్నా అంతే." ఆ మాటకొస్తే అప్పలమ్మ కూడా కోడల్ని ఒలే అనే పిలిచేది. నన్ను చేసినవాళ్ళు మాత్రం, పేరు తెలిస్తే మనిషి తెలిసినట్టే అనుకున్నారు.

కొత్త మాట తెలిస్తే వెంటనే వాడుకోవాలని నాకు ఆజ్ఞ. 'ఒలే'ని నేను వాడలేదు. ఎందుకంటే, నూకాలు రోజూ పని నుంచి వచ్చి పెరట్లోకి వెళ్ళి, తన పేరు చెప్పి నన్ను తెరిచేది. "నూకాలూ" అనేవాణ్ణి. ఆ ఒక్క పిలుపు విని మూసేసేది. ఒకరోజు అంది: "నువ్వు ఆడివి కాదని మొదటి పిలుపుకే తెలిసిపోనాది. అయినా పిలువు."

మొదటి ఓడ వెళ్ళిన రెండేళ్ళకి మండలి మరో ప్రకటన చేసింది. పున్నమి నాడు రెండో ఓడ, కుటుంబాలన్నీ నగరానికి రావచ్చు. ఎదురుచూసేవాళ్ళు మిగలకపోతే అడిగేవాళ్ళూ మిగలరని చచ్చిపోయిన పెద్దల ఆలోచన. ఓడ చేరడానికి అవతల ఏమీ లేదు.

అప్పలమ్మ చోడిపిండి, కొడుకు చొక్కా మూట కట్టింది.

"ఒద్దత్తా."

"నీకు మొగుడక్కర్నేకపోతే నేదు, నాకు కొడుకు కావాల. ఇక్కడింకెవుడైనా కనబడ్డాడేటి?"

అత్త వెళితే నూకాలు కూడా వెళ్ళక తప్పదు, ముసలామెను ఒంటరిగా పంపలేదు. నిజం చెబితే ముసలామె నమ్మదు, సన్యాసిరావు చెవిన పడితే పంతులుకైన గతే.

పున్నమి పొద్దున మూట నెత్తిన పెట్టుకుని అప్పలమ్మ గడప దాటబోతుంటే, నూకాలు తన పేరు చెప్పి నన్ను అత్త చెవికి ఆనించింది.

"మావా, మీ అమ్మ ఇంటాంది. నన్నోసారి పిలువు."

'ఒలే' నా దగ్గర సిద్ధంగా ఉంది. అదంటే ఇద్దరూ ఓడ ఎక్కుతారు. నా ఆజ్ఞ కూడా అదే. నాలోపలి కాటుక చుక్క గుర్తొచ్చిందో ఏమో చెప్పలేను.

"నూకాలూ" అన్నాను.

అప్పలమ్మ కదల్లేదు. "మళ్ళీ పిలవమను."

"నూకాలూ."

మూట జారి పిండి గడప మీద పడింది. "ఈడు నా కొడుకు కాడు" అంది. కోడలి వైపు తిరిగి, "నీకెప్పుడు తెలిసినాది?"

"మొదట్నుంచీ."

"మరి సెప్పవేటే?"

"ఆడి గొంతు ఇన్నాకే గదత్తా, నువ్వు అంబలి తాగుతుండేదానివి."

రెండేళ్ళు ఆలస్యంగా ఆ ఇంట్లో ఏడుపు లేచింది. మూటలతో వెళ్తున్న ఆడవాళ్ళు ఆగారు, విన్నారు, తమ పెట్టెలు తెరిచి అత్తల చెవులకి ఆనించి తమనీ పిలవమన్నారు. మా వాళ్ళందరూ శుభ్రంగా పేర్లు పెట్టి పిలిచారు, ఆ వీధి మగవాళ్ళెవరూ ఎన్నడూ పిలవనట్టు. వీధి వీధంతా కూలబడింది. ఓడ ఖాళీగా వెళ్ళింది.

సన్యాసిరావు పరుగున వచ్చాడు. "మండలి అడుగుతోంది, ఏమిటీ గోల?"

"ఆ మండలిని కూడా నిన్నోసారి పిలవమను బాబూ" అంది అప్పలమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన తన పెట్టె వంక చూసుకున్నాడు. ఆ పూట చిత్తం అనలేదు.

మర్నాడు నూకాలు నన్ను జీడితొక్కల కుప్ప మీద వదిలింది. రేపో మాపో తొక్కలతో పాటు బట్టీలోకి పోతాను. ఆమె నావైపు చూస్తూ నిలబడింది, పేరు చెప్పనా వద్దా అన్నట్టు.

అంతలో వెనకనుంచి ముసలి గొంతు: "నూకాలూ! రాయే, అంబలి సల్లారిపోతంది."

మొదటి రోజులాగే ఆమె ఊపిరి ఆగింది. ఆ పేరు వినగానే అలవాటు కొద్దీ నేను తెరుచుకున్నాను. ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది.

"వస్తన్నానత్తా" అంటూ వెళ్ళిపోయింది.