పొంగని పాలు

...అయినా హాలు రాత్రికి రాత్రి పొడుగవడంలో హాలు తప్పేముంది, పాలు పొంగని ఇల్లు ఎంతకాలమని ఇల్లులాగే ఉంటుంది, అనుకుంటున్నాడు త్రినాథం, మంచం మీంచి కాళ్ళు కిందికి దించుతూ. గచ్చు చల్లగా ఉంది. ఎప్పుడూ ఉండే చోటికన్నా కాస్త కిందగా ఉంది.

గృహప్రవేశం నాడు పొయ్యి మీద పెట్టిన పాలు ఇంకా పొంగలేదు. అప్పట్లో కూతురు హైమకి పాలపళ్ళు ఊడుతున్నాయి. ఇప్పుడు హైమకి మనవలున్నారు. పాలు విరగలేదు, మాడలేదు. అంచుకి వేలెడు కిందుగా, అదే గిన్నెలో, సన్నగా మరుగుతూనే ఉన్నాయి. పక్కన పీట వేసుకుని భార్య మాణిక్యాంబ కలుపుతూనే ఉంది.

చుట్టాలు ఆ రోజే చాలాసేపు చూసి భోజనాలు చేసి వెళ్ళిపోయారు. పురోహితుడు మాత్రం వసారాలో చాప మీదే ఉన్నాడు. జుట్టు నెరిసింది, ముహూర్తం దాటలేదు.

"పాలు పొంగితేగానీ అది దాటదండి," అంటాడు ఎవరైనా అడిగితే. "అది మన చేతుల్లో లేదు కదండీ."

కాకినాడలో సగం ఇళ్ళు త్రినాథం గీసినవే. కాగితం మీద ముందు గాలికి ఒక బాణం గుర్తు వేసేవాడు, ఆ తర్వాతే గోడలు. గాలి ఎటునుంచి వస్తుందో తేలితే ఇల్లు దానంతటదే సర్దుకు కూర్చుంటుందని ఇంటివాళ్ళకి చెప్పేవాడు. గృహప్రవేశానికి వెళ్ళి, పాలు పొంగడం కళ్ళారా చూసి, రెండు చెంచాల పరమాన్నం తిని, అటునుంచి అటే జగన్నాథపురం కాలవకి పోయి పడవ విప్పేవాడు. తెరచాప ఎత్తితే ఆ పూటకీ మర్నాటికీ నేల మీద కనపడేవాడు కాదు. హోప్ ఐలాండ్ వెనకనుంచి ఒళ్ళంతా ఎండకి కమిలిపోయి, హైమకి గవ్వలూ మాణిక్యాంబకి కాజాలూ పట్టుకుని, నవ్వుకుంటూ వచ్చేవాడు.

పని సగంలో ఉండగా పడవెక్కడం మాత్రం అతనికి చేతకాదు. అందుకే సొంత ఇల్లు కట్టుకున్న నాటినుంచీ సముద్రంలోకి వెళ్ళలేదు. పాలు పొంగాలి కదా అని చూస్తూ వచ్చాడు.

ఇవాళ మాత్రం గాలి బావుంది. కిటికీ తెరలన్నీ ఒకే వైపుకి, నిండు కడుపుల్లా ఉబ్బి ఉన్నాయి. ఇవాళ ఎలాగైనా వెళ్ళాలి, వెళ్ళాలంటే ఆ పాల సంగతేమిటో తేలాలి. చెప్పులు తొడుక్కుని, చేతికర్రకి బదులు ఇళ్ళు గీసే మూడు పలకల చెక్కస్కేలు పట్టుకుని వంటింటికి బయల్దేరతాడు.

వంటిల్లు చాలా దూరంలో ఉంది. మధ్యలో అతను గీయని గదులున్నాయి. ఏడాదికొకటి చొప్పున మొలిచినట్టున్నాయి. వెనకటివి సున్నం వాసన, తర్వాతవి పెయింటు వాసన. ఒక గదిలో రెండు జడల హైమ నేల మీద బోర్లా పడుకుని పలక మీద ఇల్లు గీస్తోంది.

"నాన్నా, సముద్రానికి తలుపెక్కడ పెడతావ్?"

"తలుపెందుకే? గాలికి కిటికీ ఉందిగా."

"గాలికి సరే. మరి సముద్రం ఎటునుంచి వస్తుంది పాపం?"

ఇన్నేళ్ళ వృత్తిలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. త్రినాథం గడ్డం గోక్కుంటూ ఆలోచిస్తాడు. ఆలోచిస్తూనే తర్వాతి గదిలోకి వస్తాడు. అక్కడ హైమ పెళ్ళిచీరలో ఉంది, బుగ్గన చుక్కతో, ఎవరికోసమో గాజులు సవరించుకుంటూ. ఇంకా అవతలి గదుల్లో ఎక్కడో హైమే నెరిసిన జుట్టుతో, ఒక చేతిలో మాత్రలూ ఇంకో చేతిలో మంచినీళ్ళూ పట్టుకుని దారికడ్డంగా నిలబడి ఉంది.

"నాన్నా, గాలి బావుంది. ఇవాళ బయటికెళ్ళకు."

"గాలి బావుంటేనే కదమ్మా వెళ్ళేది."

"అందుకే చెప్తున్నా."

అతను మాత్రలు మింగి, కూతురి తల నిమిరి, పక్కనుంచి తప్పుకుని సాగిపోతాడు.

గోడకి స్కేలు ఆనించి చూస్తే ఆనడం లేదు. గోడ లోపలికి వంగుతోంది. ఈశాన్యం మూల ఉండాల్సిన చోట మూల లేదు. ఆగ్నేయం కూడా నెమ్మదిగా గుండ్రబడుతోంది. వసారాలోంచి పురోహితుడు మెడ సాచి చూస్తున్నాడు.

"మూలలు పోతున్నాయండి శాస్త్రిగారూ. దోషమేమో?"

"మూలే లేకపోతే దోషం ఎక్కడ కూచుంటుందండీ? కులాసాగా ఉండండి."

అదీ నిజమే. కిటికీలోంచి చూస్తే సూర్యారావుపేట వీధి మెల్లగా వెనక్కి జరుగుతోంది. కొబ్బరికాయల కొట్టాయన బల్ల మీదనుంచి చెయ్యూపాడు. కాసేపటికి అదే కొట్టాయన ఇటు వైపు కిటికీలోకి వచ్చి మళ్ళీ చెయ్యూపాడు. ఇల్లు గుండ్రంగా తిరుగుతోంది. త్రినాథానికి భయం లేదు, కుతూహలం ఉంది. ఇంత పెద్దదాన్ని రేవు దాటనివ్వకుండా, ఒడ్డుకి కొట్టుకోనివ్వకుండా ఇంత ఒడుపుగా తిప్పుతున్న చెయ్యి ఎవరిది? అంత నేర్పు తనకైనా లేదు.

వంటింటి గుమ్మంలో ఆగుతాడు. ఇల్లంతా సన్నబడుతూ వచ్చి ఇక్కడ ముగిసింది. మాణిక్యాంబ పీట మీద కూర్చుని గరిటె తిప్పుతోంది. ఆమె గరిటె కుడికి తిప్పినప్పుడు వీధి ఎడమకి పోతోంది. పాలు ఒక్కసారి నురగతో లేచాయి. ఆమె పక్కనున్న ఇత్తడి గ్లాసులో వేళ్ళు ముంచి నాలుగు చుక్కలు చిలకరించింది. పాలు అణిగిపోయాయి.

"నువ్వా!" అంటాడు త్రినాథం.

"మరెవరనుకున్నారు? పొరుగింటావిడా?"

"ఇన్నాళ్ళూ పొంగనివ్వంది నువ్వేనా మాణిక్యం? ఎందుకే?"

"ఎందుకేంటండీ బాబూ, తెలీనట్టు. పాలు పొంగితే ఇల్లయిపోద్ది. ఇల్లయిపోతే తమరు పడవెక్కేస్తారు. ఊళ్ళో ఎన్ని గృహప్రవేశాల్లో చూళ్ళేదు నేను? వాళ్ళు నా కాళ్ళకి రాసిన పసుపన్నా ఆరనిచ్చారా ఎప్పుడైనా?"

"తిరిగొచ్చేవాణ్ణిగా."

"వచ్చేవారు. లేదన్లేదు. కాజాలు కూడా తెచ్చేవారు." గరిటె ఆగింది. ఇల్లు కూడా ఆగింది. "ఈసారి ఎళ్తే రారండి. ఆ మాట మీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే నీళ్ళు జల్లుతున్నాను. నా ఓపికున్నంతకాలం జల్లుతాను."

త్రినాథం గిన్నె వైపూ గరిటె వైపూ చూస్తాడు.

"ఒకసారి కుడికి తిప్పు."

"ఏం?"

"తిప్పవే, చూద్దాం."

ఆమె తిప్పుతుంది. కిటికీలోకి జగన్నాథపురం వంతెన వచ్చి నిలబడుతుంది. ఎడమకి తిప్పితే బీచిరోడ్డు వస్తుంది, సరుగుడు చెట్లతో సహా. మాణిక్యాంబ గరిటెని పైకెత్తి, కొత్త పాత్రని చూసినట్టు అటూ ఇటూ చూస్తుంది.

"అప్పట్లో రమ్మంటే పడవెక్కనన్నావు. నీళ్ళమీద కళ్ళు తిరుగుతాయన్నావు."

"తిరుగుతాయి కదా మరి."

"ఇన్నాళ్ళూ నడిపావు. ఒక్కసారైనా తిరిగాయా?"

"నేను నడపడమేంటి, మీ మొహం. పాలు అడుగంటకుండా కలుపుతున్నానంతే."

"చుక్కాని పట్టినవాళ్ళెవరైనా చేసేది అదేనే."

ఆమె గరిటె మళ్ళీ గిన్నెలో పెట్టి, ఈసారి చూస్తూ, కొంచెం కావాలనే తిప్పుతుంది. ఇల్లు మెత్తగా తూర్పుకి మళ్ళుతుంది. గోడలు కిర్రుమంటాయి. ఆమె పెదవి కొరుక్కుంటుంది, నవ్వాపుకోడానికి.

"మరి మీరెక్కడ కూచుంటారు?"

"నువ్వెక్కడ కూచోమంటే అక్కడ."

"అయితే ఆ పీట లాక్కోండి. ముందా చెప్పులు గుమ్మం బయట విడవండి, వంటిల్లిది."

అతను చెప్పులు విడుస్తాడు. గుమ్మం బయట అప్పటికే నీళ్ళున్నాయి. సముద్రం తలుపు అడక్కుండానే వచ్చింది. చెప్పులు ఒకదాని వెనక ఒకటి, కొసలు హోప్ ఐలాండ్ వైపు పెట్టుకుని, తొందరపడకుండా తేలిపోతాయి. వాటి వెనక చాపతో సహా పురోహితుడు తేలుతూ, గడియారం చూసుకుంటూ, సరే అన్నట్టు తలూపుతాడు.

త్రినాథం పీట మీద కూర్చుంటాడు. మోకాలు ఆమె మోకాలికి తగులుతుంది. గదుల్లోంచి హైమలందరూ వస్తున్నారు. పాలపళ్ళది ముందు, తెల్లజుట్టుది చివర, ఒకరి జడ ఒకరు పట్టుకుని, మోకాళ్ళలోతు నీళ్ళలో గుమ్మం దగ్గర వరస కట్టి నిలబడతారు.

పాలు లేస్తున్నాయి. మీగడ తెరచాపలా ఉబ్బుతోంది. దాని మీద చిన్న దీపస్తంభమొకటి నిలబడి వెలుగు తిప్పుతోంది. ఆ వెలుగు మాణిక్యాంబ ముఖం మీదుగా, అతని ముఖం మీదుగా, మళ్ళీ ఆమె ముఖం మీదుగా పోతోంది. గరిటె ఆమె కుడిచేతిలో ఉంది. అలవాటు కొద్దీ ఎడమచెయ్యి గ్లాసు మీదకి వెళ్ళి, అక్కడే ఆగిపోతుంది. ఆమె అతని వైపు చూస్తుంది.

అన్ని గదులు నడిచొచ్చాడేమో, త్రినాథానికి దాహంగా ఉంది. ఆమె వేళ్ళ కిందనుంచి గ్లాసు మెల్లగా తీసుకుని, ఆ నీళ్ళు చుక్క మిగలకుండా తాగి, గ్లాసు బోర్లిస్తాడు.